మైనస్ యాభై

బీరంగూడలో బస్సు దిగి బెండకాయలు ఏరుకుంటున్నాను. పక్కనే టమాటాలు ఏరుతున్న ఆమె నా ముఖంలోకి రెండుసార్లు చూసింది. "మేడం, నన్ను గుర్తువట్టలే? మీ ఫ్యాక్టరీ క్యాంటీన్ల పనిజేస్తుంటి," అంది. గుర్తుపట్టాను. పిల్లల సంగతులు, మోకాళ్ల నొప్పుల సంగతి అయ్యాక, సంచి భుజానికి తగిలించుకుంటూ అంది.

"కాక పోయిండు, ఎరికేనా? ఐదొద్దులాయె."

ఏరిన బెండకాయలు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాను.

ఆయనకు పేరు లేక కాదు. హాజరు పట్టీలో నాలుగేళ్లు ఆ పేరు నేనే రాశాను. కానీ ఫ్యాక్టరీలో గేటు దగ్గరి వాచ్‌మన్ నుంచి కొత్తగా చేరిన ఇంజినీరు దాకా అందరికీ ఆయన కాకే. మేనేజరు ఒక్కడే పేరు పెట్టి పిలిచేవాడు, అదీ కోపం వచ్చినప్పుడు.

మాది పటాన్‌చెరు పారిశ్రామికవాడలో పంపుల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ. పర్సనల్ సెక్షన్‌లో గుమాస్తాగా నేను చేరేనాటికి కాకకు యాభై దాటాయి. కర్దనూర్‌లో కూలికి పోయే ఇంట్లో పుట్టాడు. ఫ్యాక్టరీలు వచ్చిన కొత్తలో హెల్పర్‌గా చేరి, చూసి చూసి నేర్చుకుని, లేత్ మెషీన్ మీద టర్నర్ అయ్యాడు. ఆ మెషీన్ మీదే ఎడమచేతి మూడు వేళ్లు పోయాయి. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. తర్వాత "తేలిక పని" అని చెప్పి ఆయన్ని కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టారు. కూర్చోబెట్టడమే వాళ్ల ఉద్దేశం. దుమ్ము తుడుచుకుంటూ, ఏసీ వేస్తూ ఆపుతూ రిటైర్మెంటు దాకా కిమ్మనకుండా ఉంటాడనుకున్నారు.

రెండేళ్లు తిరక్కుండానే ఆ గదిలో సీడీలు రాసే పని మొత్తం ఆయన చేతికి వచ్చింది. మరమ్మతుకు వచ్చే ఇంజినీరుకు చాయ్ తాగించి, పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కటే అడిగి నేర్చుకున్నాడు. ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో టైపు చేసేవాడు. చక్రాల కుర్చీ ఇస్తే మూలకు నెట్టేసి, మెషీన్ షాపు నుంచి చెక్క స్టూలు తెప్పించుకున్నాడు. "జారే దాని మీద కూసుంటే పని గూడ జారుతది," అనేవాడు. చొక్కా జేబులో ఆరంగుళాల స్టీలు స్కేలు మాత్రం తీయలేదు. కంప్యూటర్ గదిలో స్కేలుతో ఏం పని అని అడిగితే, "దీనితోని ఏం పని లేదు. అలవాటున్నది," అనేవాడు.

సీడీ రాస్తున్నంతసేపు ఆ గదిలో ఎవరూ కుర్చీ జరపకూడదు, తలుపు గట్టిగా వేయకూడదు. అరచేయి కంప్యూటర్ పెట్టె మీద ఆనించి, తల వంచి, లోపల తిరుగుతున్న చప్పుడు వినేవాడు. లేత్ మీద పనిచేసేవాళ్లు అలాగే వింటారట. ఒకసారి హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి ఫోనులో మాట్లాడుతూ లోపలికి అడుగు పెట్టబోయాడు. కాక తల తిప్పకుండానే చేయి పైకెత్తాడు. ఆ పెద్దమనిషి ఒక కాలు గుమ్మం లోపల, ఒక కాలు బయట పెట్టుకుని నాలుగు నిమిషాలు నిలబడ్డాడు. రాయడం అయ్యాక కాక లేచి, "ఇగ రండి సార్," అన్నాడు. అంతే. క్షమించమని గానీ, పొరపాటైందని గానీ ఆయన నోట ఎప్పుడూ రాలేదు.

నెలాఖరుకు ఒక సీడీ రాయాలని మా రూలు. డ్రాయింగులు, స్టాకు వివరాలు, హాజరు, ఆ నెలలో తీసిన ఫొటోలు అన్నీ ఆ ఒక్కదాంట్లోనే. అయితే ఆరు నెలల తర్వాత ఏదైనా కావాలని తీస్తే, కొన్ని ఫైళ్లు తెరుచుకునేవి కాదు. అందరూ సీడీల కంపెనీని తిట్టారు. కాక మాత్రం చెడిపోయిన సీడీలన్నీ ఏరి, మెషీన్ షాపు నుంచి భూతద్దం తెచ్చి, రెండు రోజులు కిటికీ దగ్గర కూర్చున్నాడు. మూడో రోజు నన్ను పిలిచాడు.

"సూడు బిడ్డా. గీతలన్ని ఏడున్నయి?"

"అంచుకు ఉన్నయి కాకా."

"మరి రాసుడు ఏడికెల్లి మొదలైతది?"

నాకు తెలియదు. సీడీ మధ్యలో ఉన్న రంధ్రం చుట్టూ వేలితో తిప్పి చూపించాడు. "గీడికెల్లి. లోపటికెల్లి బయటికి రాసుకుంట పోతది. అంటే ఆఖరుకు రాసింది అంచుకు ఉంటది. వేళ్లు తగిలేది గాడనే, గీతలు వడేది గాడనే. లేత్ మీద జాబ్, అదే మనం కోసే ఇనుప ముక్క, గూడ గంతే. బిగించిన కాడ కదలదు, అంచుకు పొయ్యేకొద్ది ఊగుతది."

ఆ తర్వాత వారం రోజులకు మరమ్మతు ఇంజినీరు వచ్చినప్పుడు కాక ఆయనను వదల్లేదు. ఏ ఫైలు ఎక్కడ రాయాలో మనం చెప్పొచ్చా అని అడిగాడు. చెప్పొచ్చని తేలింది. ఫైళ్ల పేర్లన్నీ ఒక జాబితాగా రాసి, ఒక్కో పేరు పక్కన ఒక అంకె వేసి ఇస్తే, కంప్యూటరు పెద్ద అంకె ఉన్న ఫైలును ముందు రాస్తుంది, అంటే నడిమికి దగ్గరగా. చిన్న అంకె ఉన్నదాన్ని ఆ తర్వాత. సున్నా కంటే కిందికి, మైనస్‌లో ఇస్తే అన్నిటికంటే చివర, అంచుకు. ఆ అంకెను "బరువు" అంటారని ఇంజినీరు చెప్పాడు. ఆ మాట కాకకు ఎంతో నచ్చింది. సాయంత్రం దాకా ఎవరు గదిలోకి వచ్చినా, "నీ బరువెంత?" అని అడిగాడు.

మరుసటి నెలాఖరుకు నా దగ్గరికి కాగితం, పెన్సిలు పట్టుకుని వచ్చాడు.

"నీ కాడ ఉన్నయాట్ల, ఇంకేడ లేనిది ఏది?"

నేను ఆలోచించాను. మా పర్మనెంటు వాళ్ల హాజరు రిజిస్టరులో సంతకాలతో ఉంటుంది. హెడ్డాఫీసుకు ఒక నకలు పోతుంది. కాంట్రాక్టు వాళ్లకు మాత్రం ఏ కాగితమూ లేదు. గేటు దగ్గర కార్డు గీకుతారు, ఆ మెషీన్‌లో రెండు నెలల వివరాలే ఉంటాయి. తర్వాత పాతవి తుడుచుకుపోయి కొత్తవి ఎక్కుతాయి.

"కాంట్రాక్టు వాళ్ల గేటు హాజరు కాకా. కాని దాన్ని ఎవరు అడగరు."

"అడుగుతరా లేదా అని నేను అడగలే. ఇంకేడ లేదు గద?"

"లేదు."

కాగితం మీద ఆ ఫైలు పేరు రాసి, పక్కన వెయ్యి వేశాడు. అన్నిటికంటే పెద్ద అంకె. డ్రాయింగులకు ఐదువందలు. స్టాకుకు మూడువందలు. మేనేజరు ఫొటోలకు, అంటే ఆయుధపూజ, డైరెక్టర్ల పర్యటన, క్వాలిటీ సర్టిఫికెట్ అందుకున్న సభ, అన్నిటికీ కలిపి మైనస్ యాభై.

"ఫొటోలు స్టూడియోల ఉన్నయి, ఆల్బంల ఉన్నయి, గోడకు గూడ ఉన్నయి. ఏనుగులంత ఉంటయి ఒక్కొక్కటి. అంచుకు ఉండనియ్," అన్నాడు.

అలా ఏడెనిమిది నెలలు గడిచాయి. ఎవరికీ ఏమీ తెలియదు, ఎందుకంటే సీడీ తెరిచి చూస్తే తెర మీద ఫైళ్లన్నీ పేర్ల వరుసలోనే కనిపిస్తాయి. లోపల ఏది ఎక్కడుందో కంటికి తెలియదు. కానీ ఒక రోజు ఆ జాబితా కాగితం ప్రింటరులో మరిచిపోయాడు. మేనేజరు చేతికి అదే దొరికింది.

ఆయన మా సెక్షన్‌లోకి వచ్చి, అందరి ముందు ఆ కాగితం కాక ముఖం ముందు పెట్టాడు.

"ఏమిటిది? కూలివాళ్లకు వెయ్యి, నాకు మైనస్ యాభయ్యా?"

"మీకు గాదు సార్. మీ ఫొటోలకు."

ఎవరో నవ్వబోయి దగ్గారు. మేనేజరు ముఖం ఎర్రబడింది. "ఫొటోలు మొదట ఉండాలి. ఈ నెల నుంచి మార్చు."

"తెర మీద మీ ఫొటోలు మంచిగనే కనవడ్తయి సార్. లోపట ఏడుంటే మీకేంది? గేటు హాజరు ఇంకేడ లేదు. గందుకే నడుమ వెట్టిన."

"నీకు కారణాలు అడగలేదు. చెప్పింది చెయ్యి."

మేనేజరు వెళ్లి, ఆ మాటే టైపు చేయించి మెమో పంపాడు. టైపు చేసింది నేనే. కాక అందుకున్నట్టు సంతకం పెట్టి, నాలుగు మడతలు పెట్టి స్కేలు పక్కన జేబులో పెట్టుకున్నాడు. నెలాఖరున వెళ్లి చూస్తే జాబితాలో అంకెలు మారలేదు. వెయ్యి వెయ్యిగానే ఉంది. మైనస్ యాభై అలాగే ఉంది.

నాకు భయం వేసింది. "కాకా, మార్చు. నౌకరి పోతది. సీడీల ఏదేడుంటే మనకెందుకు?"

అప్పుడు తన చేయి సంగతి చెప్పాడు. అంతకుముందు ఎవరికీ చెప్పగా నేను వినలేదు.

"ఆ దినం ఎవరో పెద్దోళ్లు షాపు సూడనీకె వస్తున్నరు. సూపర్వైజరు వచ్చి, అందరు గ్లౌజులు ఏస్కోండ్రి, ఫొటోల మంచిగ కనవడాలె అన్నడు. లేత్ మీద గ్లౌజు ఏస్కోవద్దని నాకు తెల్వదా? పదైదేండ్ల పని నాది. తెలుసు. అయినా ఏస్కున్న. చెప్పినట్టు విన్న. తిరిగే జాబ్ గ్లౌజు కొసను అందుకున్నది. చేతిని గుంజుకున్నది." ఎడమచేతిని తిప్పి చూసుకున్నాడు. "తప్పని తెలిసి చెప్పినట్టు వినుడు గదే ఆఖరు బిడ్డా. ఇగ ఎవరు చెప్పినా ఇన."

ఆ మాట తర్వాత నేను మళ్లీ అడగలేదు. చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. నా ధైర్యం అప్పటికి అంతే.

ఆ ఏడాది వానాకాలంలో ప్రెస్ షాపులో ఒక ఒడిషా కుర్రాడి చేయి నలిగింది. కాంట్రాక్టు మనిషి. కొత్తగా పెళ్లయినవాడు. ముందు గేటు దాకా నడిపించకుండా, వెనక గేటు నుంచి వ్యానులో ఏదో చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లి దించేశారు. ఆ తర్వాత కాంట్రాక్టరు, అతను ఆ రోజు డ్యూటీకే రాలేదని, బయట ఎక్కడో దెబ్బ తగిలించుకున్నాడని చెప్పాడు. కుర్రాడి అన్న సంగారెడ్డి లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టుకున్నాడు. అది విచారణకు వచ్చేసరికి నాలుగు నెలలైంది. గేటు మెషీన్‌లో ఆ రోజు తుడుచుకుపోయింది. హాజరు ఎక్కించే పాత కంప్యూటరును ఆ మధ్యే మార్చేశారు. మిగిలింది ఆ నెల సీడీ ఒక్కటే. అది మేనేజరు బీరువాలో ఉంది. దాన్ని తెమ్మని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

మేనేజరు నన్ను పిలిచి సీడీ చేతికిచ్చాడు. కవరు లేదు. అంచు చుట్టూ గీతలు, తెల్లగా, ఇసుకలో ఈడ్చినట్టు. ఎవరు చేశారో, ఎలా జరిగిందో నేను చూడలేదు. చూడనిది చెప్పను.

"నేను పెట్టి చూశాను, తెరుచుకోవడం లేదు. వెళ్లి అదే చెప్పు. ఆఫీసులో వాళ్లడిగినా అదే చెప్పు. ఒక్కదానివే వెళ్లు," అన్నాడు.

పటాన్‌చెరు బస్టాండుకు వెళితే అక్కడ కాక ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో స్కేలు.

"కాకా, నాతోని రావద్దన్నరు సార్."

"నీతోని ఎవరొస్తున్నరు? నేను సెలవు వెట్టిన. సంగారెడ్డిల నాకు పనున్నది."

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కాక సీడీ చూపించమన్నాడు. చూపించాలా వద్దా అని ఆలోచించాను. చివరికి సంచిలోంచి తీసి ఇచ్చాను. బొటనవేలికి, చిటికెనవేలికి మధ్య అంచు పట్టుకుని, ఎండకు అటూ ఇటూ వంచి చూశాడు. ముఖంలో కోపం కనపడలేదు. ఏదైనా చెడిన జాబ్‌ను చూసినట్టే చూశాడు.

"అంచు పోయింది. నడుమ మంచిగున్నది," అని నా చేతిలో పెట్టాడు. "ఏం జెయ్యాల్నో నీకు చెప్ప. నువ్వు నౌకరి జేసుకునే పిల్లవు."

లేబర్ ఆఫీసు గదిలో ఒక పక్క కాంట్రాక్టరు, అతని వకీలు. ఒక పక్క ఆ కుర్రాడు, అతని అన్న. కుర్రాడు చేతిని తువ్వాలులో చుట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు, తన చేయి కాదన్నట్టు. కాక వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. ఆఫీసరు సీడీ తీసుకుని తన ఆపరేటరుకు ఇచ్చాడు. ఆపరేటరు మొదట కనపడిన ఫొటోల మీద నొక్కాడు. పెట్టె గుర్రుమంది. సగం ఫొటో వచ్చి, మిగతా సగం బూడిద రంగులో ఆగిపోయింది. ఇంకొకటి నొక్కితే అది కూడా రాలేదు.

"చెప్పిన గద సార్, ఖరాబైంది," అన్నాడు కాంట్రాక్టరు.

ఆఫీసరు నావైపు తిరిగాడు. "చదవడం లేదు కదమ్మా? అట్లనే రాసుకోమంటారా?"

అవునంటే చాలు. అది చెప్పడానికే నన్ను పంపారు. వెనక్కి తిరిగి కాకను చూడలేదు. చూస్తే ఆయన చెప్పించినట్టు అవుతుందనిపించింది.

"లేదు సార్," అన్నాను. "అవి ఫొటోలు. గేటు హాజరు ఫైలు వేరే ఉంది. అది తెరవండి."

ఆపరేటరు వెతికి నొక్కాడు. పెట్టె గుర్రుమనలేదు. గడులు గడులుగా అంకెలు తెర నిండా పరుచుకున్నాయి. కార్డు నంబరు చెప్పాను. ఆ తేదీకి దిగాడు. ఉదయం ఆరుకు ఎనిమిది నిమిషాల ముందు లోపలికి వచ్చినట్టు ఉంది. దాని పక్క గడి ఖాళీ.

"బయటికి పోయినట్టు లేదేంది?" అన్నాడు ఆఫీసరు.

కుర్రాడు లేచి నిలబడ్డాడు. నేర్చుకున్న కాస్త తెలుగులో అన్నాడు. "కార్డు కొట్టలే సార్. వ్యాన్ల ఏసుకుని తీస్కపోయిండ్రు."

వకీలు కాగితాలు సర్దుకున్నాడు. కుర్రాడి అన్న రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. ఆ రోజు అతను డ్యూటీలోనే ఉన్నాడని, దెబ్బ ఫ్యాక్టరీలోనే తగిలిందని ఆఫీసరు రాశాడు. వైద్యమూ, పరిహారమూ కాంట్రాక్టరు, కంపెనీ కలిసి చూసుకోవాలని తర్వాత ఆర్డరు వచ్చింది. చేయి మాత్రం మునుపటిలా కాలేదు. ఆ కుర్రాడు భార్యతో సొంతూరు వెళ్లిపోయాడని విన్నాను.

తిరుగు బస్సులో కాక చాలాసేపు కిటికీ బయటికే చూశాడు. ముత్తంగి దాటాక, "మంచిగ చెప్పినవ్," అన్నాడు. నాకు అదే ఎక్కువైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

మరునాడు నన్ను డిస్పాచ్ షెడ్డుకు మార్చారు. చలికాలం దుమ్ము, ఎండాకాలం రేకు వేడి. కాకను మేనేజరు మా సెక్షన్‌కు పిలిపించి, ఆదేశాలకు వ్యతిరేకంగా ఫైళ్ల వరుస పెట్టినందుకు క్షమాపణ రాసివ్వమన్నాడు. రాస్తే కంప్యూటర్ గదిలోనే ఉంచుతానని, రాయకపోతే సంగతి వేరని చెప్పాడు. అప్పటికి నేనింకా సెక్షన్‌లో కాగితాలు అప్పగిస్తున్నాను, అందుకే ఆ కాగితం నా కళ్లారా చూశాను. ఎడమచేతి రెండు వేళ్లతో కాగితం కదలకుండా పట్టుకుని, కుడిచేత్తో నిదానంగా రాశాడు.

"మేనేజరు గారికి. ఇంకెక్కడ లేని ఫైలును నడుమ రాసిన. తప్పు చేయలేదు. మళ్ల రాయమన్నా గాడనే రాస్త."

కింద సంతకం, తేదీ. మేనేజరు చదివి, చించబోయి, ఏమనుకున్నాడో ఆగి, నావైపు విసిరాడు. "ఫైల్లో పెట్టు."

లేబర్ ఆఫీసు ఆర్డరు వేడి మీద ఉండగా ఉద్యోగం తీసేస్తే ఇంకో కేసు అవుతుంది. అందుకని కాకను తుక్కు యార్డుకు పంపారు. అక్కడే నాలుగేళ్లు చేశాడు. రిటైరైన రోజు పూలదండ లేదు, శాలువా లేదు, మెమో ఉన్నవాళ్లకు ఉండదన్నారు. క్యాంటీన్ ఆడవాళ్లు గేటు బయట నిలబెట్టి చాయ్ ఇచ్చారు. తాగి, గ్లాసు కడిగి ఇచ్చి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

పదో దినానికి కర్దనూర్ వెళ్లాను. భోజనాలయ్యాక ఆయన భార్య నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లి చాప వేసింది. నేనెవరో చెప్పగానే గుర్తుపట్టింది.

"గా సీడీల పంచాయితిల నువ్వేనా బిడ్డా? అప్పుడు నేను శాన పరేషాన్ అయిన. మా పిల్ల డిగ్రీ జదువుతున్నది. నౌకరి పోతే ఎట్ల అని ఈన కాళ్లు వట్టుకున్న. మాఫీ అడుగు, ఒక్క మాట రాసియ్యి అన్న. పొద్దుమీకి వచ్చి, రాసిచ్చిన తీయ్ అన్నడు. గందుకే నౌకరి నిలవడ్డది."

చెప్పాలా వద్దా అని కాసేపు చాప అంచు పీకుతూ కూర్చున్నాను. ఆమెకు అబద్ధం మిగల్చడం నాకు నచ్చలేదు.

"రాసిచ్చిండు పెద్దమ్మా. కాని మాఫీ అడగలే," అని ఆ కాగితంలో ఉన్న మాటలు ఉన్నవున్నట్టు చెప్పాను.

గుమ్మంలో నిలబడ్డ కూతురు తల్లి వైపు చూసింది. నేను తప్పు చేశాననుకున్నాను.

"మళ్ల రాయమన్నా గాడనే రాస్త అన్నడా?"

"అన్నడు."

కొంగుతో ముఖం తుడుచుకుంది. తల పైకెత్తింది.

"నాకప్పుడే అనుమానం వచ్చింది," అంది. "మాఫీ అడిగొచ్చినోడు, ఆ రాత్రి రెండోసారి అన్నం వెట్టించుకుని తింటడా?"